కంట్లో తెలుపు

మ్యూజియంలో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. జీతం కాగితం మీద ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. గేటు దగ్గరి కాపలా మనిషి నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆయన కళ్ళ మేస్త్రీ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ భవనం వెనకవైపు, మెట్ల కింద గదిలో, ఉత్తరం కిటికీ పక్కన కూర్చుని కళ్ళు చేస్తున్నాడు. అద్దాల పెట్టెల్లో నిలబెట్టిన జింకకీ, గుడ్లగూబకీ, కొమ్మ పట్టుకుని వేలాడే కొండముచ్చుకీ చూపు పెట్టింది ఆయనే. చచ్చిన జంతువుకి ప్రాణం పొయ్యలేం కానీ, పోయిందన్న సంగతి నాలుగు నిమిషాలు మరిపించొచ్చు, దానికి కళ్ళే దిక్కు అనేవాడు.

పనిమంతుడే, కాదనలేం. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఒకసారి గుడ్లగూబ కంటి పసుపు మరీ ముదురుగా ఉందని పక్షుల శాఖ పెద్దమనిషి పుస్తకం తెచ్చి చూపిస్తే, "ఈ పుస్తకం అచ్చేసినవాడు గుడ్లగూబని చూశాడా అండీ?" అని అడిగి పంపించేశాడు. మూడేళ్ళ తర్వాత అదే పుస్తకం కొత్తగా అచ్చయితే అందులో బొమ్మ రంగు ముదిరింది. అదే ఆయన్ని చెడగొట్టింది. అలా ఒకసారి గెలిచిన మనిషితో వేగడం ఇంట్లోవాళ్ళకి ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఆ గదిలో రెండు బీరువాలు ఉంటాయి. ఎడమ దాంట్లో జంతువుల కళ్ళు, కుడి దాంట్లో మనుషులవి. జంతువుల కళ్ళు చాలామటుకు బిళ్ళలు. ముందువైపు ఉబ్బుగా ఉన్న గాజు, దాని వెనక పూసిన రంగు. వాటితో ఒక తమాషా ఉంది. మనం ఎటు నడిస్తే అటు అవి మన వెంటే వస్తున్నట్టు ఉంటాయి. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఆ బీరువా తెరిచి హడలిపోతే, "అది కంటి గుణం కాదురా, గాజు చేసే మాయ. నిన్నెవరూ చూడట్లేదు, నీకంత సీన్ లేదు" అని నవ్వేవాడు. కోతుల సొరుగు లాగితే అన్నీ ముదురు గోధుమరంగే. మధ్యనా, అంచునా, రెప్ప దాకా అదే రంగు. మనుషుల కళ్ళు మాత్రం గోళీల్లాంటివి. తెల్లగుడ్డు పోసి, దాని మీద ఎర్ర పట్టుదారం పోగులు ఒక్కొక్కటే అతికిస్తే సన్నటి నరాల్లా కనిపిస్తాయి. ఒకరికి తెలుపెందుకు ఉంది, ఒకరికి ఎందుకు లేదు అని ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారీ అడగలేదు. ఆర్డరు కాగితం మీద ఏముంటే అది చేశాడు.

అడగాల్సిన రోజు కిందటి శీతాకాలంలో వచ్చింది.

మేడ మీద కొత్త హాలు కడుతున్నారు. కోతి జాతుల్లోంచి మనిషి ఎలా విడివడి వచ్చాడో చెప్పే హాలు. దాని బాధ్యత డాక్టరమ్మది. ముప్ఫై దాటని పిల్ల, కోతుల నడవడి మీద పెద్ద చదువు చదివింది. పేరుకి డాక్టరు కానీ జ్వరానికి మందడిగితే మాత్రం ఇవ్వదు. ఆమె రెండు మైనపు బొమ్మల ఫోటోలు తెచ్చి బల్ల మీద పరిచింది. పది పన్నెండు లక్షల ఏళ్ళ కిందటి తల్లి, ఆవిడ పక్కన రెండేళ్ళ పిల్ల. తల్లి ఒక రాయితో ఇంకో రాయిని చెక్కుతూ చెక్కుతూ ఆగింది. తల వంచే ఉంది. కళ్ళు మాత్రం పక్కకి తిరగాలి. పిల్ల ఆ కళ్ళని చూసి అటు మెడ తిప్పింది.

"వీళ్ళకి ఏ బీరువాలోంచి తియ్యమంటారు? కోతులదా, మనుషులదా?" అన్నాడు మేస్త్రీ.

"అదే ఎవరికీ తెలీదు మేస్త్రీ గారూ. ఎముకలు మిగుల్తాయి, పళ్ళు మిగుల్తాయి. కన్ను ఒక్కటి కూడా మిగల్లేదు. తెలుపు ఎప్పుడొచ్చిందో చెప్పడానికి సాక్ష్యం లేదు. నేనైతే వీళ్ళకి తెలుపు పెట్టిస్తున్నాను. తప్పయితే తిట్లు నాకే."

"అసలు మనకి తెలుపెందుకండీ?"

డాక్టరమ్మకి ఆ ప్రశ్న చాలు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "చాలా కోతులకి తను ఎటు చూస్తోందో పక్కదానికి తెలియకపోవడమే లాభం అంటారు. పండు ఎక్కడుందో కళ్ళతో చెప్పేస్తే పక్కది ఎగరేసుకుపోతుందిగా. మనది దానికి తలకిందులు. ఎటు చూస్తున్నామో పక్కవాళ్ళకి తెలిస్తేనే మనకి పని జరుగుతుంది. కలిసి వేటాడాలి, కలిసి పిల్లల్ని పెంచాలి. అందుకని ఇంత తెలుపు బయటికి పెట్టుకు తిరుగుతున్నాం. చింపాంజీల్లో కూడా కొన్నిటికి కాస్త తెలుపుంది, దాని మీద మాలో మాకు బోలెడు కొట్లాటలు. కానీ ఒక ప్రయోగం ఉంది చూడండీ..."

మేస్త్రీ వింటూనే ఒక తెల్లగుడ్డుని మెత్తటి గుడ్డతో రుద్దుతున్నాడు.

"ఒకాయన కళ్ళు మూసుకుని తల పైకెత్తాడు. చింపాంజీలు ఆయన్ని చూసి పైకి చూశాయి. తర్వాత తల కదపకుండా కళ్ళు మాత్రం పైకి తిప్పాడు. వాటికి అంతగా పట్టలేదు. మన ఏడాది పిల్లలు ఉన్నారే, వాళ్ళు దానికి ఉల్టా. తల సంగతి పెద్దగా పట్టించుకోరు, కళ్ళు ఎటుంటే అటు చూస్తారు."

"అంటే?"

"అంటే తల తిరిగితేనే చూసినట్టు, అది వాటి లెక్క. తల కదలకపోయినా చూపు పట్టుకోవడం మన లెక్క. పాలు తాగే పిల్లలకి కూడా వస్తుందది, ఎవరూ నేర్పక్కర్లేదు."

గుడ్డ ఆగిపోయింది. డాక్టరమ్మ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మేస్త్రీకి చెవిలో ఒకే మాట తిరుగుతోంది. తల తిరిగితేనే చూసినట్టు.

*

రెండేళ్ళ కిందట ఆయన తల్లికి మెదడులో నరం చిట్లింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేనాటికి చెయ్యి, కాలు, మెడ, నోరు, ఏ ఒక్కటీ ఆవిడ మాట వినడం లేదు. ముక్కులో గొట్టం. కళ్ళు తెరిచి ఉండేవి, అంతే. ఆవిడ ఒంట్లో బాగున్న రోజుల్లో కళ్ళతోనే సగం సంసారం నడిపిన మనిషి. చుట్టాల ముందు పిల్లలు రెండోసారి మిఠాయికి చెయ్యి చాపితే ఒక్క చూపు చూసేది, చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేది.

డాక్టరు ఒక మాట చెప్పి పంపాడు. "ఇలాంటివాళ్ళలో కొందరికి లోపల అన్నీ తెలుస్తూనే ఉంటాయి. కొందరికి ఏమీ తెలీదు. చూపు నిలుస్తోందా, దేని వెంటైనా వెళ్తోందా, ఇంట్లోవాళ్ళే కనిపెట్టి నాకు చెప్పాలి. తెలుస్తోందని మీరంటే ఒక మనిషిని పంపిస్తాను. కళ్ళతో అవును, కాదు అని చెప్పడం నేర్పిస్తుంది."

కళ్ళ గురించి కనిపెట్టాలంటే ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? రెండో వారం ఒక ఆదివారం పొద్దున మేస్త్రీ జేబులో చిన్న టార్చి లైటు పెట్టుకుని తల్లి గదిలోకి వెళ్ళాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడింది. చెల్లెలు మంచం కాళ్ళ దగ్గర ఫోను పట్టుకుని నిలబడింది. ఆయన మంచానికి ఒక పక్క నిలబడి, తల్లి మొహం మీదుగా చెయ్యి అవతలికి చాపి లైటు ఆడించాడు. మళ్ళీ రెండో పక్కకి వెళ్ళి అలాగే చేశాడు. తల కదల్లేదు. కళ్ళు లైటు వైపు పోలేదు. తననే చూస్తున్నట్టు మాత్రం ఆయనకి అనిపించింది. అటు వెళ్తే అటు, ఇటు వస్తే ఇటు. ఇంకెవరైనా అయితే ఆ అనిపించడంతోనే మంచం పక్కన కూలబడి అమ్మా అని ఏడ్చేవాడు. ఈయన కళ్ళ మేస్త్రీ. తననే చూస్తున్నట్టుండే కళ్ళ మధ్య ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషి. అందరికీ చెప్పే పాఠమే తనకీ చెప్పుకున్నాడు.

"లేదు. చూపు లేదు," అన్నాడు లైటు ఆర్పి. "నేను చేసే కళ్ళకీ వీటికీ తేడా లేదు."

ఆ మాట ఆవిడ మొహానికి మూరెడు దూరంలో నిలబడి అన్నాడు.

"అన్నయ్యా, అమ్మ చూస్తోంది. నాకు తెలుస్తోంది," అంది చెల్లెలు.

"నీకేం తెలుస్తుందే? పిల్లల ముక్కులు తుడిచే ఉద్యోగం నీది. నేను ఎన్ని వేల కళ్ళు చేశానో నీకు తెలుసా?"

చెల్లెలు క్రెష్‌లో ఆయా. నడక రాని, మాట రాని పిల్లలతో ఇరవై ఏళ్ళ బట్టి గడుపుతోంది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. మేస్త్రీ డాక్టరుకి ఫోన్ చేసి తెలియడం లేదని చెప్పేశాడు. నేర్పించే మనిషి రాలేదు. గొట్టంలో పాలు పొయ్యడానికి నర్సుకి వీలుగా ఉంటుందని మంచం తిప్పి, ఆవిడ మొహం గోడవైపు ఉండేలా వేశారు. ఎటు వేసినా ఒకటే కదా అన్నాడు ఆయన. ఆ తర్వాత ఆ గదిలో ఆవిడ లేనట్టే అన్నీ మాట్లాడుకున్నారు. ఆవిడ బీరువా ఎవరికివ్వాలి, ఇలా ఇంకెన్నాళ్ళు, ఆ గది ఖాళీ అయితే ఏం చెయ్యాలి. చెల్లెలు మాత్రం రోజూ సాయంత్రం పని నుంచి నేరుగా వచ్చి, మంచానికీ గోడకీ మధ్య ఉన్న ఇరుకు సందులో ముక్కాలి పీట వేసుకుని, మోకాళ్ళు మంచంకోడుకి ఆనించుకుని తల్లి ఎదురుగా కూర్చునేది. గోడ బదులు తనైనా కనపడాలని. అలా పదకొండు వారాలు. పన్నెండో వారం మొదట్లో ఆవిడ పోయింది. ఆ తర్వాత చెల్లెలు అన్నగారింటి గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నాను, అక్కడితో సరి.

*

డాక్టరమ్మ వెళ్ళిపోయాక మేస్త్రీ తల్లిబొమ్మ కళ్ళు మొదలుపెట్టాడు. పోతపోసే పని బాగానే సాగింది. నల్లగుడ్డు చుట్టూ తేనెరంగు, తెల్లగుడ్డు మీద ఎర్ర పోగులు, అన్నీ కుదిరాయి. చూపు పెట్టే దగ్గర చెయ్యి ఆడలేదు. చూపు పెట్టడానికి ఆయనకొక పద్ధతి ఉంది. బొమ్మ ఎక్కడ చూడాలో అక్కడ ఒక మేకు కొడతాడు. మేకు నుంచి రెండు దారాలు లాగి రెండు కళ్ళ మధ్య బిందువులకి తెస్తాడు. దారాలు బిగుతుగా నిలిచే దాకా కన్ను తిప్పి, అప్పుడు అతికిస్తాడు. నాలుగు రోజులు మేకు పట్టుకుని కూర్చున్నాడే కానీ ఎక్కడ కొట్టాలో తెలియలేదు.

అమ్మ నిజంగా చూసిందా? ఆయనకి కావలసింది ఆ ఒక్క సంగతి. చూడలేదని తేలితే రాత్రి కంటినిండా నిద్ర పడుతుంది. చూసిందని తేలితే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా భయం వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని భార్య అంది. నిజమే, లాభం లేదు. అయినా అయిదో రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి చెల్లెలు పనిచేసే క్రెష్‌కి వెళ్ళాడు.

పిల్లలందరూ వరసగా చాపల మీద నిద్రపోతున్నారు. కిటికీలకి తెరలు వేసి ఉన్నాయి. పాల వాసన, సబ్బు వాసన. చెల్లెలు గోడకి జారగిలబడి, మేలుకుని ఉన్న ఒక పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అన్నని చూసి ఆశ్చర్యపోయినా పైకి తేలనివ్వలేదు.

"ఏంటి ఇలా వచ్చావ్? వదిన బాగుందా?"

"బాగానే ఉంది."

ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ ఫెళఫెళమన్నాయి. ఒళ్ళో పిల్ల ఆయన బట్టతలని కాసేపు శ్రద్ధగా చూసింది. తర్వాత దాని కళ్ళు కిటికీ గట్టు మీదికి వెళ్ళాయి. మెడ కదల్లేదు, గొంతు లేవలేదు. చెల్లెలు మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి చాపి గట్టు మీది నీళ్ళ సీసా తీసి దాని నోటికి అందించింది.

"దాహమని నీకెలా తెలుసే?"

"అటు చూసిందిగా." ఇందులో అడగడానికి ఏముందన్నట్టు అంది.

ఆయన కాసేపు ఆ పిల్ల నీళ్ళు తాగడం చూశాడు. "చిట్టీ, ఆ రోజు తీసిన ఫోటోలు ఉన్నాయా?"

ఏ రోజని ఆమె అడగలేదు. "ఉన్నాయి. చెరపలేదు."

"అప్పుడే ఎందుకు చూపించలేదు నాకు?"

"చూపించాను అన్నయ్యా. నువ్వు భోజనానికి కూర్చున్నావు. ఫోను తెచ్చి నీ చేతిలోనే పెట్టాను. చూడకుండా బోర్లించి బల్ల మీద పెట్టేశావ్. ఫోన్ ఫోటోల్లో చచ్చిన చేప కన్ను కూడా మెరుస్తుంది అన్నావ్."

ఆయనకి చేప గుర్తొచ్చింది. ఆ మాటకి తను నవ్వడం కూడా గుర్తొచ్చింది. తలవంచుకున్నాడు.

"ఇప్పుడు తీసుకుని ఏం చేస్తావ్?"

"కొలుస్తాను."

"ఇంకా కొలవాలా? నేను చెప్తే చాలదా?"

"నువ్వు చెప్తే చాలక కాదే. అప్పుడు నువ్వు చెప్తే చాలదన్నాను చూడు, ఆ తప్పు ఎంతో తెలియాలి నాకు."

చెల్లెలు పిల్లని చాప మీద పడుకోబెట్టి, ఫోను తీసి, వెతికి రెండు ఫోటోలు పంపింది. "కొలిచాక నాకు చెప్పక్కర్లేదు. నాకు తెలుసు," అంది. ఆయన లేచేటప్పుడు చెయ్యి ఇచ్చి లేపింది మాత్రం ఆమే.

*

మర్నాడు పదిగంటల వెలుగులో మేస్త్రీ ఆ రెండు ఫోటోలూ పెద్దవిగా అచ్చు వేయించి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. తలుపు గడియ పెట్టాడు. కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం తగిలించుకున్నాడు.

మొదటి దాంట్లో తను మంచానికి ఎడమ పక్క ఉన్నాడు. చాపిన చెయ్యి కుడివైపు ఉంది, చేతిలో లైటు. రెండో దాంట్లో తను కుడి పక్కకి వచ్చాడు, లైటు ఎడమకి పోయింది. మధ్యలో అమ్మ మొహం. ముందు తల చూశాడు. దిండు గలేబు మీద చెవి దగ్గర ఒక మడత ఉంది. రెండు ఫోటోల్లోనూ చెవి ఆ మడత మీదే ఉంది. తల వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

డివైడర్ ముళ్ళు విప్పి నల్లగుడ్డుకి రెండు పక్కలా ఉన్న తెలుపు కొలిచాడు. మొదటి ఫోటోలో ఎడమ పక్క రెండు మిల్లీమీటర్లు, కుడి పక్క అయిదు. ఆ అంకెలు కాగితం మీద రాసుకుని, రెండోది కొలిచాడు. ఎడమ పక్క అయిదున్నర, కుడి పక్క రెండుకి లోపు.

తప్పుగా కొలిచానేమోనని రెండో కన్ను కొలిచాడు. అదీ అంతే. డివైడర్ పక్కన పెట్టి పట్టుదారం తీశాడు. మొదటి ఫోటోలో నల్లగుడ్డు ఒరిగిన వైపుకి దారం పట్టాడు. అది లైటు వైపు పోలేదు. లైటు పట్టుకున్న మనిషి మొహం వైపు పోయింది. రెండో ఫోటోలో మనిషి మారిన పక్కకే దారమూ మారింది. ఇది బిళ్ళ కన్ను చేసే మాయ కాదు. గాజు మాయలో తెలుపు కొలత మారదు, అది ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? అమ్మ కళ్ళు తిప్పింది. ఆ ఒళ్ళంతటిలో కదిలించడానికి ఆవిడకి మిగిలింది అదొక్కటే. దాన్ని ఆయన కోసం కదిలించింది, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఆయన లైటు ఆర్పి, గాజు కళ్ళకీ వీటికీ తేడా లేదన్నాడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటే నవ్వుకుంటాం. పడ్డ బల్లికి ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. మేస్త్రీ బల్ల మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. రెండు బీరువాల నిండా ఉన్న కళ్ళ ముందు ఏడ్చాడు. ఏడుపు కాస్త తగ్గాక, చెప్పక్కర్లేదన్న చెల్లెలికే ఫోన్ చేశాడు.

"చిట్టీ, నన్నే చూసిందే."

అవతల ఎవరో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ పిల్లని ఊరుకోబెట్టేదాకా ఆయన ఫోన్ పట్టుకునే ఉన్నాడు.

"అవును, నిన్నే," అంది చెల్లెలు. "లైటు చూడమని లైటు పట్టుకుని నిలబడ్డావ్. ఎదురుగా కొడుకుంటే లైటెవరు చూస్తారు అన్నయ్యా?"

ఆయన బల్ల మీది ఫోటోని దగ్గరికి లాక్కున్నాడు.

"నాకు నీ మీద కోపం దేనికో తెలుసా? నువ్వు కాదన్నందుకు కాదు. రోజూ ఆ సందులో కూర్చున్నదాన్ని నేను. మోకాళ్ళు పట్టేసేవి. నువ్వు గదిలోకి వస్తే నన్ను వదిలేసేది. మంచం తిప్పేశాక నువ్వు వెనక నుంచే మాట్లాడి పోయేవాడివి కదా. నీ గొంతు వినపడగానే కళ్ళు పక్కకి తిప్పేది. ఎంత దూరం వస్తే అంత దూరం తిప్పేది. తెలుపు తప్ప ఏమీ కనపడేది కాదు నాకు. ఎంత తిప్పినా నువ్వు కనపడే చోటు కాదది. నువ్వెళ్ళిపోయాక నెమ్మదిగా మళ్ళీ నా మీదికి వచ్చేవి."

"నాకు చెప్పాల్సింది."

"చెప్పాను కదా," అంది చెల్లెలు. అందులో దెప్పు లేదు. దెప్పినా బాగుండేదనిపించింది ఆయనకి.

*

ఆ సాయంత్రమే మేస్త్రీ మేడ మీది హాల్లో మేకు కొట్టాడు. తల్లిబొమ్మకి కుడిపక్క, పిల్లబొమ్మ మెడ తిరిగిన వైపే, నాలుగు బారల దూరంలో ఒక స్తంభం ఉంది. దాని మీద మనిషి మొహం ఎత్తులో. డాక్టరమ్మ వచ్చి చూసి, "అక్కడేముంది మేస్త్రీ గారూ? చెట్టు బొమ్మ వైపు కదా అనుకున్నాం," అంది.

"ఏమీ లేదు. ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు," అన్నాడు.

గుడ్లగూబ సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఆమె వాదించలేదు. దారాలు బిగిశాయి. తల వంచుకున్న తల్లి కళ్ళు, తల కదలకుండానే, స్తంభం వైపుకి తిరిగి నిలిచాయి. స్తంభం వైపు తెలుపు సన్నగా, అవతలి వైపు వెడల్పుగా. కొలవకుండానే పెట్టాడు.

హాలు తెరిచిన వారానికి చెల్లెలు పిల్లల్ని తీసుకొచ్చింది. నడక వచ్చినవాళ్ళు పదిమంది, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలులా వచ్చారు. అన్నకి చెప్పి రాలేదు. కాపలా మనిషి చెబితే ఆయన మెట్లెక్కి వచ్చి, పిల్లలకి అడ్డం కాకుండా స్తంభం దగ్గర నిలబడ్డాడు. ఎక్కడ నిలబడ్డాడో నిలబడ్డాక తెలిసింది.

పిల్లలు తాడు దగ్గర ఆగి తల్లిబొమ్మని చూశారు. రాయిని చూశారు. మైనపు పిల్లని చూసి ఒకడు నవ్వాడు. అందరికంటే చిన్నది, రెండేళ్ళు కూడా ఉండవు, తల్లిబొమ్మ మొహంలోకి చూస్తూ నిలబడింది. కాసేపటికి మెడ తిప్పి ఆ కళ్ళు ఎటున్నాయో అటు చూసింది. చెయ్యెత్తి వేలు చూపించింది.

"తాత," అంది.

మిగతా తొమ్మండుగురూ ఇటు తిరిగారు. చెల్లెలూ తిరిగింది. స్తంభాన్ని చూసింది, తల్లిబొమ్మ కళ్ళని చూసింది, అన్నని చూసింది. ఆయన చేసిన పని ఆమెకి అర్థమైంది. పిల్లల్ని అలాగే ఉండమని సైగ చేసి, కొంగుతో కళ్ళు వత్తుకుంది.

మేస్త్రీ అక్కడ నిలబడలేకపోయాడు. మెల్లగా అడుగులో అడుగు వేసుకుంటూ బొమ్మకి రెండో పక్కకి వచ్చి, ఆగి, తల్లి మొహంలోకి చూశాడు. అలా ఎందుకు చేశాడని అడిగితే చెప్పలేడు. ఇది తన చేత్తో చేసిన కన్ను. ఎంత తెలుపు ఎటు పెట్టాడో తనకి తెలుసు.

ఆవిడ స్తంభాన్నే చూస్తోంది. ఆయన ఇటు వచ్చిన సంగతి ఆ కళ్ళకి తెలియదు. ఆ రోజు అమ్మ కళ్ళు మాత్రం వచ్చాయి.